నల్ల తెర మీద ఆవపువ్వు రంగు

వనపర్తిలో ఇంటర్నెట్ సెంటర్లు ఒకటీ రెండూ అప్పుడప్పుడే తెరుస్తున్న రోజుల్లో, అక్కడి ఒక ప్రైవేటు దవాఖానలో నాకు కంప్యూటర్ ఉద్యోగం దొరికింది. గద్వాలలో ఆరునెలల కోర్సు చేసి వచ్చినదాన్ని. ఇరవై రెండేళ్ళు. కంప్యూటర్లో నాకు రానిదంటూ లేదని గట్టి నమ్మకం. అందులో సగం ఉత్తదే గాని, మిగిలిన సగం నాకు బాగా పనికొచ్చింది.

పేర్లు నమోదు చేసే కౌంటర్లో ఇద్దరం కూర్చునేవాళ్ళం. నేను కాక రెండో మనిషిని అందరూ చాచా అనేవారు. ముప్పై ఏళ్ళుగా అక్కడ చీటీలు రాసినాయన. తెలుగైనా ఉర్దూ అయినా అచ్చు గుద్దినట్టుండేది ఆయన రాత. మనిషి మాట్లాడే తీరును బట్టి, ఆయనది గట్టు ఊరో రాజోలి ఊరో చెప్పేసేవాడు. నేను చేరడానికి కొన్ని నెలల ముందే చీటీల పుస్తకాలు తీసేసి కంప్యూటర్ పెట్టారట. అందులో బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. అంతా నల్లటి తెర. ఆదేశం టైపు చేసి ఎంటర్ కొడితే జవాబు వరుసలు వరుసలుగా వస్తుంది. మౌసుతో పనే లేదు. చాచా రెండు వేళ్ళతోనే అయినా ఆదేశాలన్నీ నేర్చుకున్నాడు.

ఒక్క చోట మాత్రం ఎప్పుడూ తప్పేవాడు. అదే పేరు, అదే ఊరు ముందే నమోదై ఉంటే, పాత నంబరు ఉంది చూసుకొమ్మని తెర అడుగున ఒక వరుస వచ్చేది. చాచా దాన్ని దాటేసి కొత్త నంబరు ఇచ్చేవాడు. దాంతో పాత కాగితాలు దొరికేవి కావు. ఒకరోజు కోడేరు నుంచి వచ్చిన షుగరు పేషెంటు, ముసలామె, పాత రిపోర్టులు దొరకక, మళ్ళీ పరగడుపున రక్తం ఇవ్వడానికి మర్నాటి దాకా ఆగవలసి వచ్చింది. ఆమె కొడుకు కౌంటర్ మీద చెయ్యి చరిచి అరిచాడు. డాక్టరు గారు చాచాను లోపలికి పిలిచి, వచ్చే నెల నుంచి గేటు దగ్గర టోకెన్లు ఇవ్వమన్నారు.

చాచా బయటికి వచ్చి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "గేటుకాడ గూసోను బేటీ. ఇంటికే పోత."

"గా కింది లైను ఎందుకు సదువుతలేవు చాచా?" అన్నాను.

"ఏ లైను?"

ఆ వరుస వచ్చేలా చేసి దాని కింద వేలు పెట్టాను. ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగాడు. "గీడ ఏముంది? అంత నల్లగనే ఉంది గద."

నల్లటి తెర మీద ముదురు ఎరుపు అక్షరాలవి. నా కళ్ళకైతే కనబడుతూనే ఉన్నాయి. పక్కనే కూర్చుని మూడు వారాలు ఆయన తప్పులు దిద్దుతూ వచ్చానే గాని, ఒక్కసారి అడగాలని తోచలేదు. అందుకు నామీద నాకే కోపం వచ్చింది.

ప్రోగ్రాం రాసిచ్చినాయనకు హైదరాబాదుకు ఫోన్ చేశాను. "రంగులు మార్చడం కుదరదమ్మా," అని పెట్టేశాడు. నేను ఒప్పుకోలేదు. ప్రోగ్రాం ఉన్న ఫోల్డరంతా వెతికితే చిన్న ఫైలొకటి కనబడింది, తెర, అక్షరాలు, కింది వరుస అంటూ పేర్లూ పక్కన అంకెలూ. అలాంటి తెరల్లో ఒక్కో రంగుకు ఒక్కో అంకె ఉంటుందని కోర్సులో చెప్పారు. సున్నా నలుపు, నాలుగు ముదురు ఎరుపు. ఆ ఫైలుకు నకలు తీసి దాచి, ఒక అంకె మార్చాను. తెర మొత్తం బూడిదరంగైపోయింది, ఒక్క అక్షరం లేదు. తెరకూ అక్షరాలకూ ఒకే అంకె ఇచ్చేశాను!

"యా అల్లా! ఏం జేస్తివి బేటీ?"

"ఏం గాలె చాచా. జర ఆగు."

బయట జనం నిలబడి ఉన్నారు. చాచా తెల్లకాగితాలు తీసి, చేత్తోనే చీటీలు రాసి ఇస్తూ పోయాడు. ఏమీ కనబడకపోయినా ఏ మీట నొక్కితే ప్రోగ్రాం ఆగుతుందో నా వేళ్ళకు తెలుసు. ఆపి, నకలును దాని చోట పెట్టాను. తెర తిరిగొచ్చింది. ఇక దారి దొరికినట్టే. ఏ రంగు అన్నదే మిగిలింది.

ఆదివారం గద్వాలలో మా ఇంటికి పోయి, మగ్గం మీదున్న నాయన్ను అడిగాను. "నల్లదాని మీద పెద్దోళ్ళకు ఏ రంగు మంచిగ కనవడ్తది నాయినా?"

"నన్నేం అడుగుతవ్? అవ్వనడుగు," అని ఆయన నల్లచీర ఒకటి అరుగు మీద పరిచి, దాని మీద రంగురంగుల దారపు కండెలు పెట్టాడు. నాయనమ్మకు అప్పటికి చూపు బాగా తగ్గింది. నాలుగడుగుల దూరంలో కూర్చోబెట్టి లెక్కపెట్టమన్నాం.

"ఆవపువ్వు రంగుది ఒకటి. తెల్లది ఒకటి. గంతే."

"ఎర్రది, నీలంది?"

"ఏడున్నయే? మీరు పెట్టనే లేదు!"

సోమవారం పొద్దున్నే డాక్టరు గారి దగ్గరికి పోయి, రంగు మారుస్తానని చెప్పాను. "పాడైతే?" అన్నారు. "పాడైతే నిమిషంలో బాగు చేస్త సార్," అన్నాను. ఆయన సరేనన్నారు. నాలుగు తీసి పద్నాలుగు పెట్టాను. అదే పసుపు. అక్షరాలు కూడా పెద్దవి చేశాను.

చాచా కుర్చీలో వెనక్కి వాలి, ఆ వరుసను పైకి చదివాడు. మళ్ళీ చదివాడు. "గింత మాట గిన్ని దినాలు నాకు సాటుగ జెప్తుండెనా ఇది!" అని నవ్వాడు. నవ్వుతూనే జేబురుమాలు తీశాడు. ఆ నెలాఖరుకు పాత నంబరు తప్పిన చీటీ ఒక్కటీ లేదు. గేటు మాట డాక్టరు గారు మళ్ళీ ఎత్తలేదు.

తర్వాత నాగర్‌కర్నూల్లో అదే ప్రోగ్రాం వాడుతున్న ఇంకో దవాఖాన వాళ్ళు నన్ను పిలిపించారు. గర్వంగా పోయి పసుపు పెట్టేశాను. అక్కడ పేర్లు నమోదు చేసే నర్సు సాయంత్రానికల్లా తల పట్టుకుంది. "గీ పసుపు కండ్లల్ల పొడుస్తుంది."

"అందరికీ ఇదే మంచిగుంటదక్కా," అన్నాను.

"అందరితోని నాకేంది? సూశేది నేను గద!"

ఆమె పక్కన కూర్చుని, ఒక్కో అంకే మార్చి చూపించాను. లేత ఆకుపచ్చ దగ్గర ఆగమంది. దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చదివి చూసుకుని, "ఇగ గిదే ఉంచు," అని తర్వాతి పేషెంటును పిలిచింది.