నష్టంగారి తప్పు కూడిక

అట్టపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరుకు ఒక్కటే జబ్బు: ఎవరికేం జరిగినా, దానివల్ల కంపెనీకి ఎంత నష్టమో అక్కడికక్కడే లెక్కకట్టి మొహం మీదే చెప్పేయడం. అందుకే అందరూ ఆయన్ని చాటుగా నష్టంగారనేవారు.

ఎవరైనా తుమ్మితే చాలు, ఆయన మొహం మాడిపోయేది. "పద, ఇంటికి పద! నువ్వు తుమ్మితే పక్కవాడు తుమ్ముతాడు, వాడు తుమ్మితే జిగురు సెక్షనంతా తుమ్ముతుంది. జీతమిచ్చి నిన్ను పడుకోబెట్టడమే నాకు చవక!" అంటూ గేటు దాకా తరిమేవాడు. తిట్లు తిని, జీతంతో పడుకోవడం ఇంకెక్కడైనా ఉందా? అయినా ఆయన్ని ఒక్కరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

నడుం పట్టేసిందని ఒకడు మూలిగితే, "నీ నడుం నీ ఒక్కడిదా? అందులో కంపెనీ పెట్టుబడి ఉంది. బరువులు ఇద్దరు పట్టండి!" అని విరుచుకుపడ్డాడు. ప్యాకింగ్ సెక్షన్ పెద్దక్క అచ్చం ఆయనలాగే గొంతు బొంగురు చేసి ఆ మాట అంటుంటే ఆడవాళ్ళంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవారు.

ఆ నవ్వు పెద్దక్క తమ్ముడి చేయి తెగిన రోజున ఆగిపోయింది. అతను కటింగ్ మిషన్ మీద పనిచేసేవాడు. పని తొందరగా సాగాలని బ్లేడు మీది మూతను యజమాని ఎప్పుడో తీయించేశాడు. కుడిచేతి వేళ్ళు మూడు తెగి అట్టముక్కల మధ్య పడ్డాయి. పెద్దక్క నేలమీద కూలబడి, తమ్ముడి చేతికి తువ్వాలు చుడుతూ గొల్లుమంది.

నష్టంగారు వచ్చాడు. గడియారం చూసుకున్నాడు.

"మిషన్ ఆగి ఎంతసేపైంది?"

పెద్దక్కకు ఒళ్ళు మండిపోయింది. "ఛీ! నువ్వసలు మనిషివేనా?" అని అరిచింది. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఎన్ని పెట్టెలు నష్టమో లెక్కేసుకుంటున్నాడనుకుంది.

తమ్ముడి కట్లు విప్పకముందే యజమాని కబురు పంపాడు. చేతిలో ఎంతో కొంత పెట్టి పంపించేస్తాడట, ఆ చోటికి కొత్తవాణ్ణి తీసుకుంటాడట. తమ్ముడికి ఇద్దరు పసివాళ్ళు. ఆ చేత్తో బయటికెళితే పనెవరిస్తారు? కాళ్ళయినా పట్టుకుందామని పెద్దక్క యజమాని గదికి వెళ్ళింది. అక్కడ నష్టంగారు ఉన్నాడు. ఇంకేముంది, అంతా అయిపోయినట్టే అనుకుంది.

"తీసేస్తే ఎంతవుతుందో చెప్పవయ్యా," అన్నాడు యజమాని.

"నెల జీతాల్లో చెబుతానండీ. కొత్తవాడికి పని వచ్చేలోపు పాడయ్యే అట్ట, ఆరు. ఆలస్యమైన ఆర్డర్లకు కట్టే జరిమానా, నాలుగు. పెరిగే బీమా, అయిదు. వాడు కేసు వేస్తే వకీలుకు, ఎనిమిది. మళ్ళీ ఆ బీమా పెంపు ఒక అయిదు. వెరసి ఇరవై ఎనిమిది."

"ఉంచుకుంటే?"

"స్టోర్సులో కూర్చోబెడితే రెండేళ్ళకు ఇరవై నాలుగే. నాలుగు నెలల జీతం మిగులు."

పెద్దక్క మనసులోనే మళ్ళీ కూడి చూసింది. ప్యాకింగ్‌లో రోజంతా డజన్ల లెక్కలు చూసే మనిషి కదా, తప్పు ఇట్టే దొరికింది! బీమా రెండుసార్లు పడింది. సరిగ్గా కూడితే ఇరవై మూడే. తమ్ముణ్ణి తీసేయడమే చవక.

యజమాని కళ్ళు చిట్లించాడు. "ఏమ్మా, నువ్వూ లెక్కలు చూస్తావుగా. సరిపోయిందా?"

నష్టంగారి చెవి పక్కనుంచి చెమట కారుతోంది. ఆయన పెద్దక్క వైపు చూడనే లేదు.

"సరిపోయిందండీ," అంది పెద్దక్క.

"సరే, స్టోర్సులో పడెయ్. ఆ మూత కూడా బిగించి చావు. ఇలాంటి బొక్క ఇంకోటి నేను భరించలేను."

బయటికొచ్చాక నష్టంగారు రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగి గోడకు ఆనుకున్నాడు.

"బీమా రెండుసార్లు కలిపారు," అంది పెద్దక్క మెల్లగా.

"తెలుసు. పుట్టాక మొదటి తప్పు కూడిక."

"మరి ఎందుకండీ?"

"ఆ మూతకు ఒక్క నెల జీతం చాలమ్మా. ఏడాదిగా చెబుతూనే ఉన్నాను. ఒప్పు లెక్క చెబితే చెవికెక్కని మనిషికి ఇంకేం చెప్పను?"

పెద్దక్కకు ఏడుపు ముంచుకొచ్చింది. "ఆ రోజు నేను నోటికొచ్చినట్టు..."

"మిషన్ ఎప్పుడు ఆగిందో తెలిస్తేనే కదా, వేళ్ళు అతికించడానికి ఇంకా టైముందో లేదో తెలిసేది!" అని విసుక్కున్నాడు. వెంటనే గొంతు తగ్గింది. "లేకపోయిందమ్మా. ఆస్పత్రి దూరం."

ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు.

"సోమవారం నీ తమ్ముణ్ణి రమ్మను. ఎడమచేత్తో రాయడం మొదలుపెట్టమను. అక్షరాలు వంకరపోయినా ఫర్వాలేదు, అంకెలు మాత్రం గుండ్రంగా ఉండాలి."

పెద్దక్క కళ్ళు తుడుచుకుంది. "కూడికలు మీ దగ్గర నేర్చుకోమననా?"

"వద్దు వద్దు," అన్నాడు నష్టంగారు కంగారుగా. "అవి నువ్వే నేర్పు."