ఛాయాదేవి గారి తిరుగు ప్రయాణం

ఛాయాదేవి గారు తెనాలి నుంచి నర్సు శిక్షణ కోసం కొలోన్ వచ్చింది డెబ్బైలలో. అప్పట్లో జర్మనీ ఆసుపత్రుల్లో మనుషులు చాలక విదేశాల నుంచి ఆడపిల్లల్ని పిలిపించుకునేవారు. రిటైరయ్యేదాకా పిల్లల వార్డులోనే పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. భారత పాస్‌పోర్టు వదులుకోవడానికి మనసొప్పలేదు. శాశ్వత నివాస అనుమతితోనే ఇన్నేళ్లూ గడిచిపోయాయి.

కిందటి శీతాకాలంలో చెల్లెల్ని చూడటానికి తెనాలి వెళ్లి, బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషనయి, మళ్లీ నడక అలవాటయ్యేసరికి ఎనిమిది నెలలు పట్టింది. ఆరు నెలలు దాటి బయట ఉంటే అనుమతి పోతుందని, తిరిగి బయల్దేరే ముందు ఎవరో చెప్పారు. అప్పటినుంచీ ఆమెకు ఐవీ వాళ్ల అన్నయ్యే గుర్తొస్తున్నాడు.

ఐవీ ఆమెతో పాటు అదే వార్డులో పనిచేసిన స్నేహితురాలు. జమైకాలో పుట్టి, చిన్నప్పుడే తల్లి వెంట బర్మింగ్‌హామ్ వెళ్లి, అక్కడే నర్సయింది. జర్మన్‌ని పెళ్లాడి కొలోన్ వచ్చింది. తనతో పాటే వచ్చిన అన్న క్లిఫ్టన్ బర్మింగ్‌హామ్‌లోనే ఉండిపోయి, ఉద్యోగకాలమంతా బస్సు నడిపాడు. మేనత్త అంత్యక్రియలకని జమైకా వెళ్తే, సరైన కాగితాలు లేవని తిరిగి రానివ్వలేదు. ఇంగ్లండులో ఉండే హక్కు నీకెక్కడిదన్నారు. ఇల్లు చేరడానికి రెండేళ్లు పట్టింది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక, పాస్‌పోర్టు చూసిన అధికారి తేదీల దగ్గర ఆగాడు.

"చాలాకాలం బయట ఉన్నారు. కాస్త కూర్చోండి, మేడమ్‌ని అడగాలి."

 ఛాయాదేవి గారు కర్ర పట్టుకుని కూర్చున్నారో లేదో ఫోన్ మోగింది. పై ఫ్లాట్‌లో ఉండే భానుప్రియ.

"ఆంటీ, ఎక్కడున్నారు? నేనూ ఐవీ ఆంటీ బయటే వెయిట్ చేస్తున్నాం."

"ఆపేశారమ్మా. వెనక్కి పంపించేస్తారేమో. ఐవీకి చెప్పకు, కంగారు పడుద్ది."

"మీరూరుకోండి ఆంటీ! నలభై ఏళ్లు సర్వీస్ చేశారు, పెన్షన్ వస్తోంది. ఆ మాటే చెప్పండి వాళ్లకి."

ఇంతలో పై అధికారిణి వచ్చి పక్కనే కూర్చుంది.

"ఇక్కడ ఎప్పటినుంచి ఉంటున్నారు?"

"నువ్వు పుట్టకముందు నుంచి, తల్లీ." ఆ జర్మన్‌లో అచ్చమైన కొలోన్ యాస విని ఆమె నవ్వేసింది. పని, పెన్షన్ సంగతులు అడిగింది. కంప్యూటర్‌లో చూసుకుంది.

"ఆరు నెలల నియమం మీకు వర్తించదండీ. పదిహేనేళ్లకు పైగా ఇక్కడ ఉండి, సొంత ఆదాయం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఇంటికి వెళ్లండి."

"అయితే పోలేదా?"

"పోలేదు."

 ఛాయాదేవి గారు లేచి, ఆమె చేతిని రెండు చేతులా పట్టుకున్నారు.

బయటికి రాగానే ఐవీ గట్టిగా కావలించుకుంది. జరిగింది విని కళ్లొత్తుకుంటూ కసిరింది.

"ఇక నా మాట విను. జర్మన్ పాస్‌పోర్టు తీసుకో."

"ఆఫీసులో టెర్మిన్ నేను బుక్ చేస్తా ఆంటీ, వాళ్లిచ్చిన తేదీకి వెళ్దాం," అంది భానుప్రియ.

"తీసుకుంటాలే. ముందు నాకు కాఫీ ఇప్పించండి."

వేడి కాఫీ తాగాక ప్రాణం లేచొచ్చింది. కారెక్కి, ఐవీ భుజం మీద తల వాల్చి, కొలోన్ వచ్చేదాకా హాయిగా నిద్రపోయారు.