మెమరీ ఉన్న మెషీను

కొత్తగా జీతం తీసుకునే ఆ వయసులో మనిషికి రెండు జబ్బులుంటాయి. ఇంట్లో అందరికన్నా తనకే ఎక్కువ తెలుసనుకోవడం ఒకటి, ఆ తెలివిని ఇంట్లోవాళ్ల మీదే ప్రయోగించడం రెండోది. నాకు రెండూ ముదిరి ఉన్న రోజుల్లోనే మా నాన్నకి షుగరు వచ్చింది. మాది రాజాంలో బెల్లం వ్యాపారం. బెల్లం కొట్టాయనకి షుగరట అని ఊళ్లో నవ్వుకున్నారు, అందరికన్నా ముందు నేనే నవ్వాను. తర్వాత మొదటి జీతం పట్టుకుని, ఇంట్లోనే షుగరు చూసుకునే మెషీను కొనడానికి మందుల షాపుకి వెళ్లాను. షాపాయన మంచివాడు. "అంకెలు పెద్దగా కనిపించేది తీసుకోమ్మా. స్ట్రిప్పులు మనూళ్లో దొరికేదో కాదో సూసుకో. లోపల కాయితం ఉంటాది, అది సదివి మొదలెట్టు" అన్నాడు. "వీటిలో మెమరీ ఉన్నది ఏది?" అన్నాను నేను. నాన్న మీద సాక్ష్యం నిలవ ఉండాలి కదా. (ఆ కాయితాన్ని చదవకుండానే వంటింటి అరలో పోపు డబ్బా కింద పరిచాను.)

నాన్న తెల్లవారకుండానే కొట్టుకి వెళ్లి, దిగిన బెల్లం దిమ్మల్ని ఒక్కొక్కటీ గిల్లి, వేళ్ల మధ్య నలిపి రకం చెప్పేవాడు. షుగరు వచ్చాక నోట్లో వేసుకోవడం మానేశాడు, వేళ్లతోనే చెప్పేవాడు. ఏడింటికి పరగడుపున ఇంటికొచ్చేసరికి నేను గుమ్మంలో మెషీను పట్టుకుని ఉండేదాన్ని. పెరటి కుళాయి దగ్గరికి కూడా వెళ్లనిచ్చేదాన్ని కాదు, దారిలో వంటిల్లుంది కనుక. ఆయన తువ్వాలుకి చెయ్యి తుడుచుకుని వేలు చాపేవాడు. మూడొందల పది. మర్నాడు మూడొందల నలభై. "ఏం తిన్నావు?" అని అడిగేదాన్ని. (ఉద్యోగం వచ్చాక నేను 'ఏటి' అనడం మానేశాను.) "నానేటీ తినలేదే అమ్మా" అనేవాడు. "అయితే మెషీను అబద్ధం చెబుతోందా?" అనేదాన్ని. కొట్టు మూసే ఆదివారం మాత్రం నూట ఇరవై వచ్చేది, అది నా కాపలా మహిమ అని అమ్మకి చెప్పాను. రాత్రి అన్నం మానిపించాను. చుట్టాలొస్తే మీట నొక్కి నొక్కి పాత అంకెలన్నీ చూపించాను. "బెల్లం కొట్లో కూకుంటే నోరు ఊరుకుంటాదేటిరా తమ్ముడూ" అంది మా మేనత్త. నాన్న తల దించుకున్నాడు.

ఒకరోజు కొట్టు తాళాలు బాబాయి చేతిలో పెట్టేశాడు. "నువ్వే సూసుకోరా. నానక్కడ ఉన్నన్నాళ్లూ పిల్లకి నా మీద నమ్మకం కుదరదు" అన్నాడు. ముప్ఫయ్యేళ్లు కూర్చున్న చోటు అది. ఆ వారం నుంచీ అంకె నూట ఇరవై దాటలేదు. "చూశావా నాన్నా, దొంగతిండి మానేస్తే ఎలా దిగిందో" అన్నాను. అన్నాను మరి. నా నోటికి ఆ రోజుల్లో పథ్యం పెట్టినవాళ్లు లేరు.

నాలుగు నెలల తర్వాత ఒక ఉదయం, పూజకని అమ్మ బెల్లం కొట్టమంటే కొట్టి, స్ట్రిప్పుల గడువు అయిపోతోందని సరదాకి నా వేలే గుచ్చుకున్నాను. మూడొందల ఎనభై ఆరు. ఏడుస్తూ నాన్న దగ్గరికి పరుగెత్తాను. "పొద్దున్నించీ కాఫీ కూడా తాగలేదు నాన్నా" అన్నాను. ఆయన మెషీను కేసి చూడనే లేదు. "నువ్వు తినలేదంటే తినలేదే. ఆ సెయ్యేటి, జిగురుగా ఉన్నాది? కడుక్కుని రా" అన్నాడు. కడుక్కుని చూస్తే తొంభై నాలుగు. ఇద్దరం కుళాయి వైపు చూశాం. సిగ్గుతో చచ్చిపోయాను. "రేపట్నించి కొట్టుకి వెళ్లు నాన్నా" అన్నాను. "కూకున్న తమ్ముణ్ణి లెగమంటానేటే" అన్నాడు. మళ్లీ వెళ్లలేదు. పోపు డబ్బా కింద కాయితం తీసి చదివితే, మొట్టమొదటి మాటే, సబ్బుతో చేతులు కడుక్కుని ఆరనివ్వమని.

ఇప్పుడు నాన్న లేడు. షుగరు నాకొచ్చింది, కాపలా మా అమ్మాయికొచ్చింది. మొన్న రెండొందల తొంభై చూపించింది మెషీను. "ఏం తిన్నావమ్మా?" అంది. "నానేటీ తినలేదే" అన్నాను, అచ్చం నాన్న మాటే నా నోట్లోంచి వచ్చింది. నిజానికి రెండు అరిసెలు తిన్నాను. అది నా మొహం చూసి, "అయితే చేతికేదో అంటి ఉంటుంది, కడుక్కుని రా, మళ్లీ చూద్దాం" అంది. అంతే, ఇంకో మాట అడగలేదు. నిజం చెప్పిన మనిషిని నేను నమ్మలేదు, అబద్ధమాడిన నన్ను నా కూతురు నమ్మింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఎంత కడిగినా ఆ అంకె దిగదని తెలిసి కూడా, కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు కడుగుతూనే ఉన్నాను.