అత్త చెవిన పడ్డ శోకం

మా అత్త బతికుండగానే ఆమె చావుకు శోకం కట్టుకున్న కోడలిని నేను. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ముసలితనంలో నాలుగక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి రాస్తున్నాను. మంచి కోడలినని అనిపించుకోవడానికి మాత్రం కాదు.

అరవైల చివర్లో రాయదుర్గం అంటే గుట్టలు, సీతాఫలం చెట్లు, మాలాంటివాళ్ల కొన్ని ఇళ్లు. నా భర్త తెల్లవారకముందే పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుని పట్నం పోయేవాడు, ఎండ ముదిరాక వచ్చేవాడు. పిల్లలు ఇంకా పుట్టలేదు. ఇంట్లో నేను, అత్త, రెండు బర్రెలు. ఒకరోజు పేడ తీస్తూ తీస్తూ అత్త కొట్టంలోనే కూలబడింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పోయాయి. బండిలో వేసుకుని పట్నం దవాఖానకు తీసుకుపోతే కొన్నాళ్లు ఉంచుకుని, ఇక ఇంట్లోనే చూసుకోమన్నారు. ఆరు నెలలకు మాట తిరిగొచ్చింది. వచ్చీ రాగానే, జొన్నరవ్వ గటుక తినిపిస్తున్న నన్నే తిట్టింది. "గటుక గింత సల్లగ పెడ్తవానే?" అంది. ఆ రోజు నేనూ, నా భర్తా పండగ చేసుకున్నంత పని చేశాం.

మొదటి ఏడు జాలితో చేశాను. రెండో ఏడు అలవాటుతో చేశాను. మూడో ఏడు వచ్చేసరికి ఆమె దగ్గినా నాకు ఒళ్లు మండేది. పొద్దున లేవగానే కింద వేసిన పాత చీర తీసి ఉతకాలి. వేపాకు వేసి కాచిన నీళ్లతో వీపు మీది పుండ్లు కడగాలి. గంట గంటకూ పక్క మార్చాలి. ఆమె బక్క మనిషే గాని, కదలని మనిషి బరువు ఎత్తినవాళ్లకే తెలుస్తుంది. మా పుట్టిల్లు మియాపూర్. నడిచిపోతే పూట పట్టదు. అయినా తమ్ముడి పెళ్లికి పోలేకపోయాను. వాడలో ఆడవాళ్లు "నీ అసువంటి కోడలు దొరకాల్నంటె పుణ్యం జేస్కోవాలె" అనేవాళ్లు. ఆ మాట అన్నప్పుడల్లా తల వంచుకునేదాన్ని. అది అణకువ అని వాళ్లు అనుకునేవాళ్లు. నాది భయం.

ఆ భయం ఏమిటో చెబుతాను. మా దిక్కు మనిషి పోతే ఆడవాళ్లు ఊరికే ఏడవరు. పోయినవాళ్లు చేసిన మంచిని ఒక్కొక్కటే చెప్పుకుంటూ, రాగం తీసి ఏడుస్తారు. దాన్నే శోకం పెట్టడం అంటాం. చుట్టూ కూర్చున్నవాళ్లు ఒకపక్క కళ్లు తుడుచుకుంటూనే ఇంకోపక్క కోడలి శోకం ఎట్లా ఉందో చూస్తుంటారు. మా వాడలోనే ఒక కోడలు అత్త శవం దగ్గర నోరు పెగలక కూర్చుంది. ఆమె బిడ్డలకు పెళ్లిళ్లయినా వాడవాళ్లు ఆ సంగతి చెప్పుకోవడం మానలేదు. మా అత్త పోయిన రోజు నాకు కన్నీటి చుక్క కూడా రాదని నాకు తెలుసు. లోపల ఉన్నది "ఎప్పుడు పోతుందా" అన్నదొక్కటే. అది పదిమందిలో బయటపడుతుందని భయం. అందుకే ముందే శోకం కట్టి పెట్టుకుందామనుకున్నాను.

మధ్యాహ్నం జొన్నలు విసిరేటప్పుడు కట్టేదాన్ని. ఇసుర్రాయి చప్పుడులో లోపలికి వినపడదని ధైర్యం.

"అత్తో, నా అత్తో! తల్లి లేని పిల్లనని తలకు బోస్తివే అత్తో! బర్రె ఈనితె జున్ను ముందుగాల నాకే పెడ్తివే అత్తో!"

ఈ రెండూ నిజమే. మూడోది దొరికేది కాదు. నాలుగు రోజులుగా అక్కడే ఆగిపోతున్నాను. ఆ రోజూ ఆగి, రాయి ఆపి, పిడికెడు గింజలు పోస్తున్నాను. లోపలి మంచం మీద నుంచి గొంతు వచ్చింది.

"ఏందే పిల్లా, గంతేనా?"

నా చెయ్యి గింజల్లోనే ఉండిపోయింది.

"రెండు మాటలకే ఒడిసిపోయిన్నానే నేను? గిట్ల ఏడిస్తె నలుగురిల నా ఇజ్జత్ ఏముంటది?"

లేచి పోయి గుమ్మంలో నిలబడ్డాను. "ఊకెనే పాట పాడుకుంటున్న అత్తా" అన్నాను.

"పాటల నేనెందుకున్న మరి? కాలు చెయ్యి పడ్డయి గని నా చెవులు పడలే. నాలుగొద్దుల సంది ఇంటున్న. రోజు గా జున్ను కాడికొచ్చి ఆగుతున్నవ్."

కొడుకు రాగానే చెబుతుంది, ఇక నా బతుకు బజార్న పడుతుంది అనుకున్నాను. పోయి మంచం పక్కన కింద కూర్చున్నాను. దాచడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి ఉన్నది అనేశాను.

"నువ్వెప్పుడు పోతవా అని సూస్తున్న అత్తా. నాతోని అయితలేదు."

ఆమె తల నా వైపు తిప్పింది.

"నేను గూడ గదే సూస్తున్ననే" అంది అత్త. "నీకొక్కదానికే తొందరున్నదనుకున్నవా? కోడలితోని ఒళ్లు కడిగిచ్చుకునుడు నాకేమన్న పండుగనా? నువ్వు పండ్లు పటపట కొరుక్కుంట కడుగుతవ్. నాకెర్క లేదా?"

అప్పుడు ఏడ్చాను. ఆమె మంచం పట్టె మీద తల పెట్టి, ఏ రాగమూ లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఆమె ఎడమ చేత్తో నా తల మీద ఒకటి కొట్టింది. నిమరడానికి ఆ చెయ్యికి అలవాటు లేదు.

"ఊకో. అంత ఇప్పుడే ఏడ్వకు, జర దాసిపెట్టు" అంది. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. మూతి ఒకపక్కకే నవ్వేది.

కొడుకు వచ్చాడు. ఆమె ఏమీ చెప్పలేదు. మర్నాడు రాయి ముందు కూర్చోగానే, "ఇయ్యాల మంచియి ఇడిసిపెట్టు. ఉప్పెక్కువైందని నీ కూర పెంట మీద పారబోసిన గద, గది జెప్పు. బతికుండంగనె ఇంట" అని ఆమే అందించింది. చెప్పాను. రాగం తీసి మరీ చెప్పాను. "గా కూర బర్రె గూడ ముట్టకపోతుండె" అని లోపలి నుంచి జవాబు. మధ్యాహ్నాలు అట్లా గడిచిపోయేవి. పని తగ్గలేదు. పుండ్లు అవే, చీరలు అవే. లోపల బిగిసినది వదులైంది, అంతే. కడిగేటప్పుడు నాకు చిరాకు వస్తే "చిరాకు లేస్తుంది అత్తా" అని పైకే అనేదాన్ని. "లేవనీ, నాకూ లేస్తుంది" అనేది.

కొన్నాళ్లకు ఆమే వాడలోని ఒక ముసలమ్మను దగ్గర కూర్చోవడానికి ఒప్పించింది. "రెండొద్దులు మీ తమ్ముని ఇంటికి పోయి రా. నీ మొకం సూసి సూసి నాకు యాష్టకొచ్చింది" అంది. మూడేళ్ల తర్వాత మియాపూర్ దారి పట్టాను. పోయేటప్పుడు పారిపోతున్నట్టు నడిచాను. వచ్చేటప్పుడు ఇంటికి వస్తున్నట్టే నడిచాను.

ఆ తర్వాత ఆమె ఇంకో రెండేళ్లు బతికింది. ఒక పొద్దున గటుక రెండు ముద్దలు తిని, మూడోది వద్దని తల తిప్పింది. పోయింది. ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. నేను తల దగ్గర కూర్చున్నాను. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. పక్కావిడ మోచేత్తో పొడిచి, "శోకం పెట్టే పిల్లా, ఊరంత సూస్తున్నది" అంది.

"పెట్టుడు ఎన్నడో అయిపోయింది వదినా" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నేను చెప్పనూ లేదు. కోడలిది రాతి గుండె అని వాడలో చాలా రోజులు అనుకున్నారట. అనుకోనీ. దినాలు అయిపోయాక ఒకనాడు బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నాను. బర్రెలు అరిచి లేపాయి. ఒళ్లంతా తేలికగా ఉంది. హమ్మయ్య అని పైకే అనుకుని, పాలు పిండడానికి పోయాను.