షీటులో మిగిలిన ఆరు

నాచారంలో మా వీధి చివరి మందుల షాపాయన పది విటమిన్ మాత్రల షీటు అడిగితే నాలుగే కత్తిరించి ఇచ్చేవాడు. మిగతా ఆరు సొరుగులో వేసేవాడు.

తాగుడు వల్ల మా తాతా, నాన్నా అరవై చూడలేదు. నాకప్పుడు యాభై ఎనిమిది. సాయంత్రం రెండు పెగ్గులు తాగినా, పైన ఒక మాత్ర వేసుకుంటే గండం గడుస్తుందని నమ్మాను.

ఒకరోజు గట్టిగా అడిగాను. "షీటు మొత్తం ఇయ్యి. బతిమాలుడు మా ఇంట్ల లేదు."

"గా తాగుడు బంజెయ్యి పటేలా, అన్ని ఇస్త. జర పప్పు, ఆకుకూర తినరాదు? రోజు తాగెటోనికి గోలీ ఏం జేస్తది?"

ఉడుక్కుని ఉప్పల్ వెళ్లి పెద్ద డబ్బా కొన్నాను. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. ఇంట్లో దాన్ని సీసా పక్కన పెట్టాక కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. డబ్బా మూతైనా తీయకుండా మర్నాడు సాయంత్రం మళ్లీ ఆయన ముందున్నాను.

"ఆపినవా?"

మా వంశంలో ఎవరూ దుకాణం ముందు తల దించలేదు.

"ఆపిన," అన్నాను.

ఆ ఒక్క మాటతోనే వాసన ఆయనకు తగిలింది. కత్తెర తీసి నాలుగు కత్తిరించాడు.

"ఆరున్నయి పటేలా. నీకోసమే పెడ్త."