మ్యాపు మీద ఒక్క గీత

మల్లక్క ఎవరినీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు. గోదావరిఖనిలోని ఆ క్వార్టర్ల సందులోకి పాలవాడు కొత్తగా వచ్చినా, గ్యాసు బండ తెచ్చే అబ్బాయి మారినా, ఆమె ఆరా తీయడం అయ్యాకే లోపలికి అడుగు పెట్టాలి. భర్త గట్టయ్య జబ్బు చేసి పోయాక ఆయనకు బదులు ఆమెకు ఉద్యోగం వచ్చింది. బొగ్గు గని దగ్గర క్యాంటీనులో పని. దాన్ని మేం ఇప్పిస్తామంటే మేం ఇప్పిస్తామని ఎంతమంది గుమ్మం తొక్కారో లెక్కలేదు. అప్పటినుంచే ఆమెకు తియ్యగా మాట్లాడేవాళ్లంటే ఒళ్లు మంట.

అలాంటి మనిషికి ఒకే ఒక్క ఆశ ఉండేది, సందు మొగలో బస్సు ఆగాలని. పొద్దుటి షిఫ్టుకు తెల్లారకముందే బయల్దేరాలి. ఆ వేళ ఆటో దొరకదు. మోకాళ్లు పట్టేసి, పక్క క్వార్టరు సారలమ్మ భుజం మీద చెయ్యి వేసుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచేది. సారలమ్మదీ క్యాంటీను పనే. దారి పొడుగునా ఇద్దరూ ఊళ్లో వాళ్లందరినీ చెరిగిపోసేవారు.

అందుకే కరెంటు బస్సుల సర్వే అంటూ కృష్ణప్రియ అనే అమ్మాయి వచ్చినప్పుడు మల్లక్క తలుపు బార్లా తీసింది. అది విశేషమే.

"ఈ యాప్ ఫోన్‌లో ఉంటే చాలమ్మా. ఎక్కడికెళ్లినా ఫోన్ దగ్గర పెట్టుకోండి. జనం ఏ వేళకి ఎటు వెళ్తున్నారో మ్యాపులో తెలుస్తుంది. ఎక్కువమంది వెళ్లే దారిలో బస్సు వేస్తారు. పేర్లేవీ కనపడవు," అంది ఆ అమ్మాయి, తనే ఫోను అందుకుని యాప్ ఎక్కిస్తూ.

చాలా తియ్యగా చెప్పింది. మల్లక్కకు అక్కడే అనుమానం పట్టుకుంది.

ఆ సాయంత్రం నల్లా దగ్గర నీళ్లు పడుతూ గొంతు తగ్గించి అందరికీ చెప్పింది. "బస్సు లేదు గిస్సు లేదు. మస్టర్ పడంగనే ఇంటికొచ్చి పండేటోళ్లను పట్టుకునే ఉపాయం గిది. డ్యూటీకి పోయేటప్పుడు ఫోన్లు ఇంట్లనే పెట్టుండ్రి. అంగడికి పోయినా గంతే."

సారలమ్మ భర్త సదానందం నవ్వాడు గానీ, మస్టర్‌లో హాజరు వేయించుకుని, పని ఎగ్గొట్టి ఇంటిదారి పట్టిన చరిత్ర అతనికీ ఉంది. గని లోపలికి ఎలాగూ ఫోను తీసుకుపోనివ్వరు. అప్పటిదాకా బండి డిక్కీలో దాచుకునే మగవాళ్లంతా మర్నాటినుంచి టీవీ పక్కన పెట్టి పోవడం మొదలుపెట్టారు. ఆడవాళ్లూ అంతే. ఆ సందులో మల్లక్క మాటకు తిరుగులేదు.

మల్లక్క మాత్రం ఫోను వదల్లేదు. మంచిర్యాలలో కూతురు జమునకు ఎనిమిదో నెల నడుస్తోంది. ఏ క్షణాన కబురొస్తుందో తెలియదు. యాప్ బొమ్మను తెర మీదనుంచి పక్కకు లాగిపారేసింది. కనబడలేదు కాబట్టి పీడ వదిలిందనుకుంది.

నెల తిరిగాక కమ్యూనిటీ హాల్లో తెల్లగుడ్డ కట్టి మ్యాపు చూపించారు. ఊరంతా గీతలే. ఒకదాని మీద ఒకటి పడి మోకుల్లా లావెక్కి ఉన్నాయి. వీళ్ల సందు నుంచి మాత్రం ఒక సన్నటి గీత బయల్దేరింది.

"ఇక్కణ్నుంచి బయటికెళ్తున్నది ఒక్కరేనండీ," అంది కృష్ణప్రియ ఇబ్బందిగా. "ఒక్కరి కోసం బస్సు అడగలేం కదా."

ఆ గీత సందు మూల నుంచి క్యాంటీను దాకా వెళ్లి తిరిగొచ్చింది. ప్లేడే అని పిలుచుకునే వారపు సెలవునాడు గోదావరి దాటి మంచిర్యాల వెళ్లింది. పేరు లేదు, నిజమే. ఆ సందులో పేరెవరికి కావాలి?

"అక్కా, గది నువ్వే గద?" అన్నాడు సదానందం.

హాలంతా ఇటు తిరిగింది. "బిడ్డకు కాన్పు దినాలు గద తమ్మీ. ఫోనొస్తదేమోనని పట్టుకపోయిన. గా యాప్ తీసేసిననుకున్న. నా బిడ్డ తోడు," అంది మల్లక్క.

"మా ఫోన్లేమో ఇంట్ల పెట్టుమంటివి. నీదేమో సంకల పెట్టుకపోతివి. బస్సు నీ ఒక్కదాని ఇంటి ముంగట ఆగాలెననా? లేకుంటే మా మీద చాడీలు చెప్పెతందుకా?"

మల్లక్క సారలమ్మ వైపు చూసింది. ఎవరు నమ్మకపోయినా ఆమె నమ్ముతుందనుకుంది. సారలమ్మ తెల్లగుడ్డ మీది గీతనే చూస్తూ కూర్చుంది. ఒట్టు పెట్టేవాళ్లను అసలు నమ్మొద్దని ఆమెకు నేర్పింది మల్లక్కే.

"ఇంకో నెల చూద్దాం. ఈసారి అందరూ ఫోన్లు పట్టుకెళ్లండి," అని కృష్ణప్రియ బతిమాలింది.

"మొదలు ఆమె ఏం చేస్తదో చూస్తం," అన్నాడు సదానందం లేస్తూ.

మర్నాడు చీకటితోనే మల్లక్క తయారైంది. ఫోను ఇంట్లో పెట్టి పోదామా అని కాసేపు దానివైపే చూసింది. జమున గుర్తొచ్చి రొంటిన దోపుకుంది. పక్క తలుపు తట్టింది.

"ముందే పోయింది," అన్నాడు సదానందం లోపలినుంచే. రోజూ మల్లక్క కేకేస్తే గానీ కదలని మనిషి సారలమ్మ.

మల్లక్క గోడ పట్టుకుని కాళ్లు ఈడ్చుకుంటూ సందు దాటింది. నెలంతా మ్యాపు చెప్పింది అబద్ధం. ఆ గీత వెంట రోజూ ఇద్దరు నడిచారు. ఇవాళ మాత్రం అందులో అబద్ధమేమీ లేదు.