దయ్యం నడుము పదహారున్నర ఇంచులు

గురువారం పన్నెండున్నరకు భువనగిరి బస్సు వచ్చిందంటే మోత్కూర్ బస్టాండు వెనక సందులో కుట్టుమిషన్ చప్పుడు ఆగిపోయేది. అక్కడ జాహేదా రవికలు కుట్టేది. బస్సులోంచి వారపత్రికల కట్ట దిగే సరికి ఆమె సూది కింది బట్టను అట్లాగే వదిలేసి, తల మీది కొంగు సర్దుకుని, కట్ట విప్పకముందే పత్రికల బంకు దగ్గర నిలబడేది. పత్రిక చేతబట్టుకుని తిరిగి వచ్చేలోపు దుకాణం నిండిపోయేది. రవికలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు, ‘ఉత్తగనే వచ్చిన’ అని చాప మీద జరిగి కూర్చునేవాళ్ళు. అందరికీ కావలసింది ఒకటే. నిశిగంధ ఈ వారం ఎవర్ని పట్టుకుంది?

నిశిగంధ ‘ఎనిమిదో గవాక్షం’ అనే సీరియల్లో దయ్యం. కొండ మీది పాడుబడ్డ కోటలో ఉంటుంది. తెల్లచీర, విరబోసిన జుట్టు. 1992లో ఆ సందులో దానికున్నంత పలుకుబడి ఏ నాయకుడికీ లేదు.

“గవాక్షమంటే ఏందే?” అని మొదటి వారమే అడిగింది అండాలు. సంతలో ఉల్లిగడ్డలు అమ్మే మనిషి, గొంతు పెద్దది.

“కిటికి, అక్కా.”

“మరి కిటికి అనొచ్చుగద. దయ్యమున్నదని కిటికి పేరు గుడ మార్చాల్నా?”

జాహేదా చదవడం మామూలు చదవడం కాదు. కోట తలుపు తెరుచుకునే చోట మిషన్ చక్రాన్ని చేత్తో మెల్లగా వెనక్కి తిప్పేది. నూనె వేయని ఇరుసు కీచుమనేది. ఆ ఒక్క చప్పుడు కోసం ఆమె ఆ ఇరుసుకు నూనె వేయడం మానేసింది. నిశిగంధ నవ్వే చోట కత్తెర టకటకలాడించేది. ఆమె భర్త షరీఫ్ పక్క గదిలో సైకిళ్ళు కిరాయికిచ్చేవాడు. తనకివన్నీ పట్టవన్నట్టు వీపు తిప్పి గడప మీద కూర్చునేవాడు గానీ, చదువు సాగినంతసేపూ ఒక్క ట్యూబుకు కూడా గాలి కొట్టేవాడు కాదు.

జాహేదా పుట్టింది మర్రిగూడలో. ఏడో తరగతి దాకా తెలుగులో చదివింది. పెళ్ళయి వచ్చి పదమూడేళ్ళుగా కొలతలు తీస్తూ, కుడుతూ ఉంది. కొలవడం ఆమెకు అలవాటు కాదు, స్వభావం. ఎవరైనా ఎదురుగా నిలబడితే మాట వినకముందే భుజం ఎంతో చూసేది. అందుకే దయ్యాలను కూడా కొలిచింది.

కొలతల పుస్తకంలో ఎడమ పేజీ మనుషులది, కుడి పేజీ దయ్యాలది. రెండింటికీ ఒకే గళ్ళు: పేరు, పొడవు, ఛాతీ, నడుము, భుజం, చెయ్యి. దయ్యాలకు మాత్రం కింద ఇంకొన్ని గీసుకుంది. జుట్టు, పాదాలు, గొంతు, ఏమి అడుగుతుంది, దేనికి భయపడుతుంది. పత్రికల్లో చదివినవి పంతొమ్మిది ఎక్కాయి. రోజూ ఆ చాప మీద కూర్చునే ముసలి లక్ష్మీనర్సమ్మ చెప్పగా విన్నవి పన్నెండు.

రచయిత అంకె చెప్పకపోతే ఆమె వదిలేది కాదు. ఒక వారం హీరో రెండు చేతులతో నిశిగంధ నడుము చుట్టగా వేళ్ళు కలుసుకున్నాయని వచ్చింది. జాహేదా షరీఫ్‌ను పిలిచి, రెండు చేతులూ గుండ్రంగా కలిపి పట్టమంది.

“ఎందుకు?” అన్నాడతను.

“ఊకనే. కదలకు.” టేపు పెట్టి చూసింది. పదహారున్నర ఇంచులు. గడిలో రాసుకుంది. ఏం కొలిచిందో షరీఫ్‌కు మరునాడు సందంతా నవ్వుతుంటే తెలిసింది. వారం రోజులు అతను చేతులు జేబుల్లో పెట్టుకుని తిరిగాడు.

పత్రికకు కార్డులు కూడా రాసేది. ‘అయ్యా, ఎనిమిదో వారం దయ్యం జుట్టు మోకాళ్ళు దాటింది. పదకొండో వారం నడుము దగ్గరే ఆగింది. నడుమ ఎవరు కత్తిరించారు? కోటలో మంగలి ఉన్నట్టు తమరు రాయలేదు.’ ఆ కార్డు అచ్చయింది. కింద ‘జాహేదా, మోత్కూర్’ అని ఉన్న ఆ పేజీని షరీఫే సైకిల్ దుకాణం గోడకు అంటించాడు.

అచ్చయిన ఆ కార్డు చూసే నిర్మలమ్మ వచ్చింది. నల్లగొండలో కాలేజీ లెక్చరర్. తెలుగు కథల్లో దయ్యాలు, భయం అనే విషయం మీద పరిశోధన చేస్తోంది. దయ్యాల మీద పెద్ద చదువు చదవవచ్చని సందులో ఎవరికీ తెలియదు.

“గీ చదువు సదివితే నౌకరి ఇస్తరా మేడం?” అని అడిగింది అండాలు.

“ఉద్యోగం ముందే ఉందమ్మా. ఇది అదనం.”

“అదనమంటే మాలెక్కనే. మాకు గుడ ఇది అదనమే.”

నిర్మలమ్మ కొలతల పుస్తకం విప్పి, మొదట నవ్వింది. నాలుగు పేజీలు తిప్పాక నవ్వు ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి చూసింది. తరువాత లక్ష్మీనర్సమ్మ వైపు తిరిగింది. ఆమె చిన్నప్పుడు దొరల గడిలో, ఆ కోటలాంటి ఇంట్లో, వెట్టి చేసిన మనిషి అని జాహేదా చెప్పింది.

“అంత పెద్ద గడిలో దయ్యాలను చూశావా అవ్వా?”

“దయ్యాలను చూడలె బిడ్డా. దొరను చూసిన.”

నిర్మలమ్మ అది రాసుకుంది. లేవబోతూ అంది: “వచ్చే ఆదివారం మా కాలేజీలో సదస్సు ఉంది. పుస్తకం తీసుకుని మీరే రావాలి జాహేదా గారు. ఇరవై నిమిషాలు మాట్లాడాలి.”

“నేనా?”

“ఇందులో ఉన్నది మీకు తెలిసినట్టు నాకు తెలియదు. చివర మాత్రం ఒక ప్రశ్న ఉంటుంది. ఇన్ని దయ్యాలను కొలిచారు కదా, కొలిస్తే ఏం తేలింది అని అడుగుతారు. దానికి జవాబు ఆలోచించుకుని రండి.”

ఆ రోజు నుంచి జాహేదా కాళ్ళు నేల మీద లేవు. పదమూడేళ్ళుగా జనం ‘దయ్యాల పిచ్చి’ అని నవ్విన పనిని కుర్చీల్లో కూర్చుని వింటారట. మిషన్ తొక్కుతూ, కాజాలు కుడుతూ గొణుక్కునేది: “సభకు నమస్కారం. నేను కొలిచినవి మొత్తం ముప్పై ఒకటి...” ఏం తేలింది అన్న దగ్గర మాత్రం మాట ఆగేది. ఎంత తొక్కినా అక్కడే ఆగేది.

అవి పెళ్ళిళ్ళ రోజులు. అండాలు అన్న బిడ్డ పెళ్ళి కూడా ఆ ఆదివారమే. ఆకుపచ్చ పట్టుచీరలోంచి తీసిన రవిక బట్ట జాహేదాకు ఇచ్చి, శనివారం పొద్దున వచ్చి తొడుక్కుని చూసింది. తెర వెనకనుంచి ఒక్క కేక వచ్చింది.

“జాహేదా! గిదేందే? ఊపిరాడుతలేదు!”

హుక్కులకూ కాజాలకూ మధ్య జానెడు ఎడం. జాహేదా బిత్తరపోయి కొలతల పుస్తకం తెరిచింది. ఎడమ పేజీలో అండాలు, కుడి పేజీలో నిశిగంధ. అలవాటు పడిన చేతులు పక్క పేజీ అంకెలు తీసుకుని కత్తిరించాయి. మనసు నల్లగొండలో ఉండగా చేతులను ఆపేవాళ్ళు లేకపోయారు.

“అక్కా...” అంది జాహేదా. పుస్తకం తిప్పి చూపించింది.

అండాలు అంకెలు చదవలేదు గానీ ఎదురు పేజీ ఎవరిదో ఆమెకు తెలుసు. “దయ్యం రవిక కుట్టినవా నాకు?”

“తప్పైంది. రేపు నేను నల్లగొండ పోను. చీర లోపలి చెంగున ముక్క తీసి, పక్కలిప్పి జోడిస్త. వేరే పెండ్లోల్లయి ఇంక నాలుగు రవికలున్నయి, అవి మాపటికియ్యాలె. నీది రేపు పొద్దుగాల కూసుంటనే అయితది. మేడంకు ఫోన్ చేయిపిస్త.”

అంటూనే దారం విప్పడానికి బ్లేడు తీసుకుంది. చాప మీద ఉన్న లక్ష్మీనర్సమ్మ రవికను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

“గింత నడుముల పేగులు యాడ పెట్టుకుంటదే అది?”

“దయ్యం కద అవ్వా.”

“దయ్యమైతే మాత్రం? నేను చెప్పిన దాంట్ల ఒక్కదానికన్న నడుము చెప్పిన్నా? దయ్యమొస్తే నడుము చూస్తమా పిల్లా! కాళ్ళెటున్నయో చూస్తం, ఎటు ఉరకాల్నో చూస్తం.”

బ్లేడు పట్టుకున్న చెయ్యి ఆగింది. జాహేదా పుస్తకం లాక్కుని పేజీలు తిప్పసాగింది. అవ్వ చెప్పిన పన్నెండు దయ్యాలకూ పాదాల గడి నిండి ఉంది. గొంతు ఉంది, ఏమి అడుగుతుందో ఉంది. ఒకటి గంజి అడుగుతుంది, ఒకటి చనిపోయిన బిడ్డను అడుగుతుంది. నడుము గడి పన్నెండింటికీ ఖాళీ. పత్రికల్లోని పంతొమ్మిదింటికీ నడుము ఉంది. పాదాలు ఒక్కదానికీ లేవు. అవి ఏమి అడుగుతాయో కూడా ఎక్కడా లేదు.

“అక్కా, గిదే!” అని అరిచింది జాహేదా. షరీఫ్ గడప మీదనుంచి లేచి లోపలికి వచ్చాడు. “గిదే తేలింది! భయపడినోల్లు చెప్పిన దయ్యానికి కాళ్ళున్నయి. భయపడనోల్లు రాసిన దయ్యానికి నడుమున్నది. అండ్ల దయ్యం లేదు, చూసెటోని కన్నే ఉన్నది!”

ఆకుపచ్చ పట్టు రవిక చాప మీద ఉంది. ఏ మనిషికీ పట్టదు, అయినా కుట్టు మాత్రం ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అండాలు దాన్ని చాలాసేపు చూసింది.

“అయితే గిది ఇప్పద్దు.”

“ఇప్పకుంటెట్ల? రేపు పెండ్లి గద నీకు.”

“నాకు పెండ్లేందే, నా అన్న బిడ్డకు. ఆడ నా రవికను సూసెటోడెవడు? అందరు పిల్లనే సూస్తరు. ఇంట్ల ఎర్ర రవికున్నది, అది తొడుక్కుంట. నువ్వు గీ రవిక తీస్కపోయి నల్లగొండల సూపియ్యి. గని నా పేరు చెప్పాలె. ఉల్లిగడ్డల అండాలుకు పట్టలే అని అందరు వినేటట్టు చెప్పాలె.”

“చెప్త అక్కా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

ఆదివారం తెల్లవారగానే షరీఫ్ ఆమెను బస్సెక్కించాడు. పుస్తకం సంచిలో, రవిక కాగితంలో. తాను కూడా ఎక్కాడు. “చేతులు నావే గద, అడుగుతరేమో” అన్నాడు.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. ముందు మాట్లాడిన ఇద్దరూ పెద్ద పెద్ద మాటలు వాడారు. జాహేదా నిలబడి ‘సభకు నమస్కారం’ అంది, ఆ తరువాత గొణుక్కుంటూ నేర్చుకున్నదంతా మరిచిపోయింది. ఇక చేసేది లేక కాగితం విప్పి రవికను రెండు చేతులా పైకెత్తింది.

“గిది నిశిగంధది. పుస్తకంల ఉన్నది ఉన్నట్టు కుట్టిన. మోత్కూర్ల ఉల్లిగడ్డలమ్మే అండాలక్కకు పట్టలే. మీల ఎవరికన్న పడితే చెప్పుండ్రి.”

నవ్వులు లేచాయి. అవి సద్దుమణగకముందే ఆమె పుస్తకం తెరిచి పాదాల గడి చదవడం మొదలుపెట్టింది. పన్నెండూ వరుసగా చదివింది. తరువాత నడుములు, పంతొమ్మిది. ఏడో నడుము దగ్గరికి వచ్చేసరికి హాల్లో నవ్వు లేదు. ఇరవై నిమిషాలు అయ్యాయని ఎవరూ చెప్పలేదు. చివర ముందు వరుసలోని ముసలి ప్రొఫెసర్ ఒకే ఒక్కటి అడిగాడు: ఆ పదహారున్నర ఎలా వచ్చిందమ్మా? వెనక వరుసలోంచి షరీఫ్ లేచి, రెండు చేతులూ గుండ్రంగా కలిపి చూపించాడు.

నిర్మలమ్మ పరిశోధన మూడేళ్ళకు పూర్తయింది. గట్టి అట్ట వేసిన ప్రతిలో ఒక పేజీ అడుగున ‘జాహేదా, దర్జీ, మోత్కూర్, కొలతల పుస్తకం’ అని ఉంది. అండాలు తన పేరేదని అడిగింది. దాని కింది వరుసలో ఉంది. జాహేదా వేలు పెట్టి చూపిస్తే, చదువు రాకపోయినా చాలాసేపు చూసుకుంది.

రవిక మాత్రం దుకాణంలోనే కొక్కేనికి వేలాడేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పట్టునూ, ఆ కుట్టునూ చూసి ఎవరిదని అడిగేవాళ్ళు.

“ఒకామెది,” అనేది జాహేదా, మిషన్ తొక్కుతూనే. “ఇంక తీస్కపోను రాలె.”